పేరులేని బటన్

గడియారం సెంటర్ల, చెప్పుల దుకాణం మీద
మూడో అంతస్తు.
మెట్లకు పట్టుకునే కడ్డీ లేదు.
అదే మొదటి పాఠమని
మాకు శాన రోజులకు తెలిసింది.

పన్నెండు మందిమి.
ఒకడు పెండ్లి కార్డులు డిజైన్ చేసెటోడు,
ఒకామె మిర్యాలగూడ రైసుమిల్లుల లెక్కలు రాసేది,
నేను బత్తాయి మార్కెట్టుకు సైటు కట్టి
కట్టినందుకు కాలర్ ఎగరేసుకుంట వచ్చినోణ్ని.

నుస్రత్ మేడం గోడలు తడుముకుంట రాలే.
కర్రతోని నేలను రెండుసార్లు కొట్టి
గది ఎంతుందో గదినే అడిగి వచ్చింది.
"నీ సైటు తెరువు" అన్నది.
తెరిచిన.
"ఇగ తెర బందు చెయ్యి."

నల్లటి అద్దంల నా మొఖం.
స్పీకర్లకెల్లి గొంతు లేచింది.
లింకు. లింకు. బొమ్మ. బొమ్మ.
ఐ ఎం జి అండర్‌స్కోర్ సున్నా సున్నా నలభై ఏడు.
బటన్.
బటన్.
బటన్.

"ఏం బటన్?" అన్నది మేడం.
"కొనుడుదా, అమ్ముడుదా, ఊకెనే ఉన్నదా?"
గదంత నవ్వింది. నేను గూడ నవ్విన
చెవులు కాలుతుంటే.
దాని మీద బండి బొమ్మ ఉన్నది మేడం, అంటే
"బొమ్మ నీకున్నది" అన్నది.

తెల్లటి తెర మీద బత్తాయి రంగు అక్షరాలు
నాకు అందం.
రైసుమిల్లు అక్క అద్దాలు తీసి, పెట్టి, మల్ల తీసి
"తమ్మీ, గీడ ఏమన్న రాసినవా?" అన్నది.
ఆమెది లెక్కలోకి రాని గుడ్డితనం.
సర్టిఫికెట్ లేదు, కర్ర లేదు,
సాయంత్రమైతే కండ్లల్ల నీళ్లు.

మూడో వారం మర్రిగూడ దిక్కుకెల్లి
ఇస్తారిని పిలిపించిండ్రు.
తమ్ముని తోట లెక్కలు ఆయనే చూస్తడు.
చిన్నప్పటి సంది తాగిన నీళ్లు
ఆయన ఎముకలల్ల గడ్డకట్టినయి.
మెడ తిరగదు. మోచెయ్యి సాగదు.
మౌసంటే ఆయనకు నిజంగనే ఎలుక,
పట్టబోతే పారిపోతది.
కుడిచేతి నడిమి వేలొక్కటి మాటింటది.

ఆ వేలుతోని ట్యాబ్ కొట్టుకుంట
నా ఫారం మీద, పొలం గట్టు మీద నడిచినట్టు
నడిచిండు.
పేరు. ఊరు. ఎన్ని ఎకరాలు.
ఆడ గట్టు తెగింది.
తారీఖు డబ్బాల పడ్డోడు బయటికి రాలే,
తిరిగి తిరిగి అండ్లనే.
ఎట్లనో తేలి, కాయ బరువు రాస్తుండంగ
"మీ సమయం ముగిసినది" అన్నది తెర,
ఎర్ర అక్షరాలతోని, మస్తు మర్యాదగ.

ఇస్తారి ఏమనలే.
చాయ్ అడిగిండు.
స్ట్రా ఉన్నదా అని అడిగిండు.

ఆ అయిదు నిమిషాలు పెట్టింది నేనే.
ఎవరి అయిదు నిమిషాలని
నన్నెవరు అడగలే.
ఆ రాత్రి ఎడమచెయ్యితోని, ఒక్కటే వేలుతోని
నా ఫారం నేనే నింపిన.
పదిహేడు నిమిషాలు. నొప్పి లేనోనికి.

ఆఖరుకు నలభై ఏడో బొమ్మ మిగిలింది.
"అండ్ల ఏమున్నదో రాయి."
బత్తాయిలు, అని రాసిన.
"ఎన్ని? యాడ? ఎవరు పట్టుకున్నరు?"

నేను తీసిన ఫోటోనే.
రెండేండ్ల సంది సైటు నెత్తిమీద ఉన్న ఫోటోనే.
కుర్చీ ముందుకు జరుపుకొని చూసిన.
మార్కెట్టు షెడ్డు. హమాలి దోసిట్ల ఆరు కాయలు.
ఒకదానికి ఆకు ఊడలే.
ఎడమచేతికి
చిటికెన వేలు లేదు.

ఎన్నడు పోయిందో, బస్తా కిందనో, బండి తలుపులనో.
రోజు ఎదురైతడు.
ఆయన పేరు గూడ నాకు తెల్వది.

ఉన్నదున్నట్టు రాసి, తెర బందు చేసి,
ఎంటర్ కొట్టిన.
గొంతు చదివింది, ఏ భావం లేకుంట,
షెడ్డును, ఆకును, ఆరు కాయలను, లేని వేలును.
మేడం విని జరసేపు ఊకున్నది.
కింద చెప్పుల దుకాణపోడు షట్టర్ దించుతున్నడు.

"లంబా అయింది. సగం కొయ్యి" అన్నది.
"వేలు మాత్రం ఉంచు."